పరీక్ష తప్పింది ప్రోగ్రామా, పెన్‌డ్రైవా?

ఒక చిన్న చిక్కు సమస్యతో మొదలుపెడదాం.

మీరొక కంప్యూటరు ప్రోగ్రాము రాశారనుకోండి. పెద్ద పనేమీ కాదు. తరగతి మార్కులను ఒక ఫైలులో భద్రపరచడం, అంతే. అయితే ఆ ఫైలును టీచరుగారు తప్ప మరెవరూ తెరవకూడదు. అందుకని ఫైలును తయారు చేసేటప్పుడే మీ ప్రోగ్రాము కంప్యూటరుకు ఒక మాట చెబుతుంది: "దీన్ని యజమాని మాత్రమే చదవాలి, యజమాని మాత్రమే మార్చాలి."

ప్రోగ్రాము రాసి ఊరుకుంటే చాలదు కదా! అది అనుకున్నట్టు పని చేస్తోందో లేదో చూడాలి. అందుకోసం మీరు ఇంకో చిన్న ప్రోగ్రాము రాశారు. ప్రోగ్రామును పరీక్షించే ప్రోగ్రాము అన్నమాట. దీన్నే "టెస్టు" అంటారు. అది మార్కుల ఫైలును తయారు చేయించి, దాని మీదున్న అనుమతులు చూస్తుంది. సరిగా ఉంటే "పాస్" అంటుంది, లేకపోతే "ఫెయిల్" అంటుంది.

మీ కంప్యూటరులో టెస్టు నడిపారు. పాస్! పది సార్లు నడిపారు. పది సార్లూ పాస్! సంతోషంగా అన్నిటినీ ఒక పెన్‌డ్రైవులో వేసి స్నేహితురాలికి ఇచ్చారు. ఆమెదీ మీ కంప్యూటరు లాంటిదే. ఇద్దరివీ లైనక్స్‌తో నడిచేవే. ఆమె పెన్‌డ్రైవు పెట్టి, అందులోంచే టెస్టు నడిపింది. ఫెయిల్!

ప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు. టెస్టులో ఒక్క చుక్క మారలేదు. మరి తప్పెవరిది? మీదా? ఆమెదా? కంప్యూటరుదా?

దొంగను పట్టుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

తొమ్మిది చిన్న స్విచ్చులు

1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు యూనిక్స్ అనే వ్యవస్థకు పునాది వేశారు. ఆ రోజుల్లో కంప్యూటరంటే చాలా ఖరీదైన వస్తువు. మనిషికొకటి ఎక్కడిది? ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునేవారు. ఉమ్మడి కుటుంబంలో ఒకే ఇల్లు ఉన్నట్టు. ఇల్లు ఒకటే అయినా ఎవరి పెట్టెకు వారి తాళం ఉండాలి కదా! అందుకని ప్రతి ఫైలుకూ "ఎవరు ఏం చేయవచ్చు" అనే వివరం జత చేశారు.

ఆ వివరం చాలా పొదుపుగా ఉంటుంది. మనుషులను మూడు రకాలుగా విడదీశారు: ఫైలు యజమాని, యజమాని బృందంలోని వారు, మిగిలిన అందరూ. పనులు కూడా మూడే: చదవడం, రాయడం, ప్రోగ్రాముగా నడపడం. మూడు మూళ్ళు తొమ్మిది. తొమ్మిది చిన్న స్విచ్చులు. ఒక్కొక్కటి వేసి ఉంటుంది, లేదా ఆపి ఉంటుంది. కంప్యూటరు భాషలో వీటిని బిట్లు అంటారు.

ఈ తొమ్మిదింటినీ మూడంకెల సంఖ్యతో చెప్పవచ్చు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఏ హక్కులు ఉంటే ఆ అంకెలు కూడాలి. చదవడం, రాయడం రెండూ ఉంటే 6. మూడూ ఉంటే 7. ఏదీ లేకపోతే 0. 4, 2, 1 అనే ఎందుకు తీసుకున్నారు? తూకం రాళ్ళు గుర్తు తెచ్చుకోండి. 1, 2, 4 కిలోల రాళ్ళు ఒక్కొక్కటే ఉంటే 1 నుంచి 7 కిలోల దాకా దేన్నయినా తూచవచ్చు. అదీ ఒకే ఒక్క విధంగా! 5 అనగానే అందులో 4, 1 ఉన్నాయని తేలిపోతుంది. పొరపాటుకు తావు లేదు.

సంఖ్యలో మొదటి అంకె యజమానిది, రెండోది బృందానిది, మూడోది ఇతరులది. మీ మార్కుల ఫైలుకు కావలసింది 600. అంటే యజమానికి చదవడం, రాయడం. మిగిలినవారికి సున్న. మీ టెస్టు వెతికినది ఈ 600నే.

1988లో పోసిక్స్ అనే ప్రమాణం ఈ పద్ధతిని యూనిక్స్ తరహా వ్యవస్థలన్నిటికీ ఖాయం చేసింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ కూడా ఇదే దారిలో నడుస్తుంది.

ఒక్కరి పెట్టెకు తాళాలెందుకు?

ఇప్పుడు పెన్‌డ్రైవు సంగతి చూద్దాం. డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుంది, పేరేమిటి, ఎంత పొడవు అనే పద్దు రాసుకునే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. కిరాణా కొట్టువాళ్ళందరూ లెక్కలు రాస్తారు. కాని అందరి పద్దు పుస్తకాల్లోనూ ఒకే గడులు ఉండవు. ఫైల్ సిస్టములూ అంతే.

పెన్‌డ్రైవుల మీద సాధారణంగా కనిపించేది ఫ్యాట్ అనే కుటుంబం. దీని మూలపురుషుడు 1977లో మైక్రోసాఫ్ట్‌లో పుట్టాడు. ఫ్లాపీ డిస్కుల కోసం తయారైన పద్ధతి అది. 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటరుతో పాటు ఇంటింటికీ చేరింది. "పర్సనల్" అన్న మాటలోనే రహస్యమంతా ఉంది. ఒక మనిషికి ఒక యంత్రం. తన పెట్టెకు తనే కాపలా. ఇక "ఎవరు" అన్న ప్రశ్న ఎందుకు వస్తుంది?

అందుకే ఆ పద్దు పుస్తకంలో ఆ గడి లేదు. ఫ్యాట్‌లో ఒక్కొక్క ఫైలు వివరానికి 32 బైట్ల చోటు ఉంటుంది. అందులో 11 బైట్లు పేరుకు పోతాయి. గుణాలు చెప్పడానికి మిగిలేది ఒకే ఒక్క బైటు. ఆ బైటులో "చదవడానికి మాత్రమే", "కనపడకుండా దాచినది", "వ్యవస్థకు చెందినది" లాంటి గుర్తులున్నాయి. కాని యజమాని పేరు లేదు. బృందం లేదు. తొమ్మిది స్విచ్చులు లేవు.

దీన్ని తెలివితక్కువ పని అనుకోకండి. గడులు తక్కువ కాబట్టే ఫ్యాట్ పద్దును కెమేరా, టీవీ, కారులోని రేడియో అన్నీ సులువుగా చదవగలుగుతున్నాయి. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌లో కూడా యజమాని గడి లేదు.

విండోస్ కంప్యూటర్ల లోపలి డిస్కు కథ ఇంకో రకం. అక్కడ ఎక్కువగా ఉండేది 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్. అందులో ఏ వ్యక్తికి ఏ హక్కో పేరుపేరునా జాబితా రాసుకోవచ్చు. ఫ్యాట్‌లో తొమ్మిది స్విచ్చులకు చోటు చాలదు. ఇక్కడేమో జాబితా తొమ్మిది స్విచ్చుల్లో ఇమడదు!

"సరే" అని ఊరుకునే డిస్కు

లైనక్స్ కంప్యూటరుకు ఫ్యాట్ పెన్‌డ్రైవు తగిలిస్తే ఏమవుతుంది? "ఈ ఫైలు అనుమతులేమిటి?" అని మీ టెస్టు అడుగుతుంది. పద్దులో ఆ వివరమే లేదు. అయినా ఏదో ఒక జవాబు చెప్పాలి. అందుకని లైనక్స్ దాదాపు అన్ని ఫైళ్ళకూ ఒకే జవాబు అల్లి చెబుతుంది. పెన్‌డ్రైవును తగిలించిన పద్ధతిని బట్టి అది 755 కావచ్చు, 777 కావచ్చు, మరొకటి కావచ్చు. 600 అని మీరెంత మొత్తుకున్నా ఆ జవాబు మారదు.

ఇంకా వింత ఏమిటంటే, మీ ప్రోగ్రాము "అనుమతులను 600కు మార్చు" అని అడిగినప్పుడు లైనక్స్ "కుదరదు" అని చెప్పదు. "సరే" అంటుంది. అని ఊరుకుంటుంది! ఏమీ మారదు. "అందరికీ రాసే హక్కు తీసేయి" అంటే మాత్రం "చదవడానికి మాత్రమే" అనే గుర్తు పెట్టగలదు. మిగిలిన కోరికలు గాలికి పోతాయి. ఇది విచిత్రమే, కాని చాలా పాత అలవాటు అని ఆ భాగం రాసినవారే లోపల ఒక వ్యాఖ్య కూడా రాసుకున్నారు.

దొంగ దొరికాడు. మీ ప్రోగ్రాము సరిగానే అడిగింది. టెస్టు సరిగానే చూసింది. మధ్యలో ఉన్న డిస్కు మాట నిలబెట్టుకోలేదు.

మూడు తప్పుడు మందులు

రోగం తెలిసింది. మందేమిటి? తొందరపడితే మూడు తప్పుడు మందులు తడతాయి.

మొదటిది: టెస్టునే తీసేయడం. జ్వరం చూపిస్తోందని థర్మామీటరును విరగ్గొట్టడం లాంటిది ఇది. రేపు ప్రోగ్రాములో నిజంగానే తప్పు దొర్లి, మార్కుల ఫైలు అందరికీ తెరుచుకుంటే చెప్పేవారెవరు?

రెండవది: టెస్టును వదులు చేయడం. "600 వచ్చినా పాస్, 755 వచ్చినా పాస్" అని రాసేయడం. అప్పుడు టెస్టు ఉండీ లేనట్టే. ఎవరికీ ఫెయిల్ చెప్పని పరీక్షలో పాసయి లాభమేమిటి?

మూడవది కొంచెం తెలివైనదిగా కనిపిస్తుంది. "లైనక్స్ అయితే టెస్టు నడుపు, విండోస్ అయితే వదిలెయ్" అని రాయడం. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఉదాహరణకు పైతాన్ భాషలో అనుమతులు మార్చే ఆజ్ఞ ఒకటుంది. విండోస్ మీద అది "చదవడానికి మాత్రమే" అనే ఒక్క గుర్తునే మార్చగలదు. కాని మన కథలో ఇద్దరివీ లైనక్స్ కంప్యూటర్లే కదా! అయినా టెస్టు తప్పింది. ఒకే కంప్యూటరుకు రెండు మూడు డిస్కులుండవచ్చు, వాటి మీద రెండు మూడు ఫైల్ సిస్టములుండవచ్చు. ఊరి పేరు వింటే బావి నీళ్ళు ఉప్పనో తీపో తెలుస్తుందా? నీళ్ళు నోట్లో పోసుకుని చూడాలి.

మెతుకు పట్టి చూడాలి

అమ్మ అన్నం వండేటప్పుడు చూశారా? ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తుంది. బియ్యం ఏ కొట్లో కొన్నారని అడగదు. పొయ్యి ఏ కంపెనీదని అడగదు. ఒక్క మెతుకు, అంతే. సరిగ్గా ఇదే పని టెస్టు కూడా చేయాలి.

టెస్టు నడవబోయే చోటనే ఒక చిన్న ఫైలు తయారు చేయాలి. దాని అనుమతులు చూసి గుర్తుపెట్టుకోవాలి. వాటిలో ఒక స్విచ్చును తిప్పమని అడగాలి. "సరే" అన్న మాట నమ్మకుండా మళ్ళీ వెళ్ళి చూడాలి. నిజంగా మారిందా? అయితే ఈ డిస్కుకు అనుమతులు తెలుసు. మారలేదా? తెలియవు. తరువాత ఆ చిన్న ఫైలును చెరిపేయాలి.

"నడవబోయే చోటనే" అన్న మాట మరవకండి. పట్టి చూసే మెతుకు ఆ కుండలోదే కావాలి. పక్క కుండలో మెతుకు పట్టి ఈ కుండ దించితే పలుకే తినాలి!

ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. ప్రపంచమంతటా ప్రోగ్రాములు రాసేవారు వాడే గిట్ అనే పనిముట్టు ఈ పనే చేస్తుంది. ప్రోగ్రాము ఎప్పుడెప్పుడు ఎలా మారిందో గుర్తుపెట్టుకోవడం గిట్ పని. దీన్ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్‌గారే మొదలుపెట్టారు. కొత్త చోట కాపురం పెట్టగానే గిట్ "కాన్‌ఫిగ్" అనే చిన్న ఫైలు ఒకటి రాసుకుంటుంది. దాని మీద "నడపడం" స్విచ్చును ఒకసారి తిప్పి, మారిందో లేదో చూసి, మళ్ళీ యథాస్థానంలో పెడుతుంది. మారకపోతే "ఇక్కడ ఈ స్విచ్చును నమ్మవద్దు" అని అదే ఫైలులో రాసిపెట్టుకుంటుంది. లేకపోతే, ఎవరూ ముట్టుకోని ఫైళ్ళు కూడా మారిపోయాయని గగ్గోలు పెట్టవలసి వస్తుంది.

గిట్ ఇంకో తమాషా పరీక్ష కూడా చేస్తుంది. ఇంగ్లీషులో చిన్నక్షరాలతో రాసుకున్న ఆ "కాన్‌ఫిగ్" ఫైలునే, పేరులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు కలగలిపి వెతుకుతుంది. ఆ పేరుతో ఫైలు రాయలేదని తనకు తెలుసు. అయినా దొరికిందంటే, ఈ డిస్కుకు పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా తెలియదన్నమాట! కొంటె ప్రశ్న వేసి నిజం రాబట్టడమంటే ఇదే.

రానివాడికి మార్కులెన్ని?

సరే, ఈ డిస్కుకు అనుమతులు తెలియవని తేలింది. ఇప్పుడు టెస్టు ఏం చెప్పాలి? పాస్ అందామా? ఏమీ పరీక్షించలేదే! ఫెయిల్ అందామా? ప్రోగ్రాము తప్పేమీ లేదే!

మీ హాజరు పట్టీని చూడండి. పరీక్షకు రాని విద్యార్థికి టీచరుగారు సున్న వేయరు, నూరూ వేయరు. "ఆబ్సెంట్" అని రాస్తారు. టెస్టులకూ అలాంటి మూడవ ఫలితం ఉంది. దాన్ని "స్కిప్" అంటారు. దాటవేశాం అని అర్థం. ఎందుకు దాటవేశామో కారణం కూడా పక్కన రాయాలి. "ఈ డిస్కు అనుమతులను నిలుపుకోదు కాబట్టి పరీక్షించలేదు" అని. గిట్ టెస్టులలో చాలావాటి నుదుట "ఫలానా అర్హత ఉంటేనే నడపాలి" అని రాసి ఉంటుంది.

అయితే ఇక్కడొక ప్రమాదం పొంచి ఉంది. ప్రతి కంప్యూటరులోనూ టెస్టు "స్కిప్" అయిపోతే? ఎర్ర గుర్తు ఎక్కడా కనిపించదు. అంతా బాగుందనుకుంటాం. నిజానికి ఎవరూ ఏమీ పరీక్షించలేదు! తరగతి అంతా ఆబ్సెంటయితే ఎవరూ తప్పలేదని గర్వపడతామా? అందుకే, అనుమతులు తెలిసిన డిస్కున్న కంప్యూటరు ఒక్కటైనా ఉండాలి. అక్కడ ఈ టెస్టు నడిచి తీరాలి. అక్కడ స్కిప్ అయితే దాన్ని ఫెయిల్ కిందే లెక్క కట్టాలి.

తాళాలు ఆపలేని మనిషి

మరో చిక్కు. ఈసారి పెన్‌డ్రైవు జోలికి పోలేదు. కంప్యూటరు లోపలి మంచి డిస్కు మీదే టెస్టు నడిపారు. ఒక ఫైలుకు 000 పెట్టారు. ఎవరికీ ఏ హక్కూ లేదు. దాన్ని చదవమంటే మీ ప్రోగ్రాము "చదవలేకపోయాను" అని మర్యాదగా చెప్పాలి. కాని అది గడగడా చదివేసింది!

కారణం, ఆ టెస్టు నడిపినది "రూట్" అనే వాడుకరి. యూనిక్స్ వ్యవస్థల్లో రూట్ సర్వాధికారి. ఎవరి ఫైలునైనా చదవగలడు, రాయగలడు. స్విచ్చులు అతన్ని ఆపవు. తాళం గుత్తి మొత్తం చేతిలో ఉన్నవాడిని తాళమెలా ఆపుతుంది? ఇప్పుడు చాలా టెస్టులు మనిషి కూర్చోకుండానే, దూరాన ఉన్న యంత్రాల్లో వాటంతటవే నడుస్తాయి. వాటిలో కొన్ని రూట్ పేరుతోనే నడుస్తాయి. అందుకని ఇలాంటి చిక్కు తరచు వస్తుంది.

మందు మళ్ళీ అదే. రాయకూడని ఫైలు ఒకటి తయారు చేసి, రాయబోయి చూడాలి. రాయగలిగితే, ఇక్కడ తాళాలను పరీక్షించలేమని తేలుతుంది. గిట్ టెస్టుల్లో ఈ అర్హతకు పెట్టిన పేరు "శానిటీ". అంటే మతిస్థిమితం!

ఒక జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. టెస్టు కోసం తాళం వేసిన ఫోల్డరును టెస్టు పూర్తయ్యాక తెరిచి పెట్టాలి. లేకపోతే తరువాత దాన్ని చెరిపేయబోతే, వేసినవారికే దారి దొరకదు.

అడగడం వేరు, జరగడం వేరు

ఇంతకూ మన టెస్టు రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేసింది. గమనించారా? "ప్రోగ్రాము 600 అని అడిగిందా?" అనేది ఒక ప్రశ్న. "డిస్కు ఆ మాట విన్నదా?" అనేది మరొకటి. మొదటిదానికి నిజం డిస్కే అక్కరలేదు. వచ్చిన ఆజ్ఞలను రాసుకునే ఉత్తుత్తి డిస్కును ఎదుట పెట్టి చూడవచ్చు. ఈ టెస్టు ఏ కంప్యూటరులోనైనా నడుస్తుంది, ఎక్కడా స్కిప్ కానక్కరలేదు. రెండవదాన్ని మాత్రం మెతుకు పట్టి చూసి నడపాలి. ప్రశ్నలు విడదీస్తే జవాబులు వాటంతటవే తేటపడతాయి. ఇది కంప్యూటర్లకే కాదు, విజ్ఞానశాస్త్రంలో ఏ ప్రయోగానికైనా వర్తించే సూత్రం.

మరి ఆ ఫెయిల్ మాటేమిటి?

ఇక కథ ముగిసిందనుకుంటున్నారా? లేదు. స్నేహితురాలి కంప్యూటరులో వచ్చిన ఆ "ఫెయిల్"ను మళ్ళీ ఒకసారి చూడండి. ప్రోగ్రాములో తప్పు లేదన్నాం. కాని ఆ పెన్‌డ్రైవు మీద మార్కుల ఫైలు నిజంగానే అందరికీ తెరిచి ఉంది! టీచరుగారు పెన్‌డ్రైవులోనే మార్కులు దాచుకుంటే? తాళం వేశాననే ఆయన అనుకుంటారు. తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంటుంది. టెస్టు చెప్పిన వార్త అబద్ధం కాదు. మనమే దాన్ని విసుక్కున్నాం.

కాబట్టి మారవలసింది టెస్టు ఒక్కటే కాదు. ప్రోగ్రాము కూడా 600 అని అడిగి ఊరుకోకుండా, తిరిగి చూడాలి. జరగకపోతే "ఇక్కడ ఫైలుకు తాళం పడలేదు" అని యజమానిని హెచ్చరించాలి. దూరాన ఉన్న కంప్యూటరులోకి వెళ్ళడానికి వాడే ఓపెన్ ఎస్ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాము ఇలాగే చేస్తుంది. రహస్యపు తాళంచెవి ఉన్న ఫైలును ఇతరులు కూడా చదవగలిగేలా ఉంచితే, గట్టిగా హెచ్చరించి, ఆ తాళంచెవిని వాడనే వాడదు.

"సరే" అన్న మాటను నమ్మి ఊరుకోవద్దు, చేసింది నిలిచిందో లేదో వెళ్ళి చూడండి. మంచి టెస్టు నేర్పే పాఠం ఇదే.

మీరే చేసి చూడండి

మీ బడిలో లైనక్స్ ఉన్న కంప్యూటరు ఉంటే, మీ ఫోల్డరులో ఒక ఖాళీ ఫైలు, ఫ్యాట్ పెన్‌డ్రైవులో ఒక ఖాళీ ఫైలు తయారు చేయండి. ఒక్కొక్కదాని గుణాల కిటికీ తెరిచి, "ఇతరులు" అన్నచోట చదివే హక్కు తీసేయండి. కిటికీ మూసి, మళ్ళీ తెరిచి చూడండి. ఎక్కడ నిలిచింది? ఎక్కడ నిలవలేదు?

కాగితం మీద చేయదగినవి రెండు: (1) 640 అంటే ఎవరికి ఏ హక్కులు? (2) యజమానికి అన్ని హక్కులూ, బృందానికి చదవడం, నడపడం, ఇతరులకు చదవడం మాత్రమే కావాలంటే ఏ సంఖ్య రాయాలి?

జవాబులు: (1) యజమానికి చదవడం, రాయడం, బృందానికి చదవడం, ఇతరులకు ఏమీ లేదు. (2) 754.